కిటికీకి అడ్డొచ్చిన చెట్లు

ఆ ఇంట్లో నాలుగు రోజులుగా సంతోషంగా ఉన్నది మామగారొక్కరే.

పొద్దున్నే మేడమీది గదిలోంచి ఆయన గొంతు ఖంగున వినిపించింది. "నలభై ఒక్క అడుగులు, పాయింట్ ఆరు. నిన్నటి మీద రెండు పాయింట్లు దిగింది. కింద ఎవరైనా రాసుకుంటున్నారా?"

కింద వంటింట్లో ఎవరూ రాసుకోవడం లేదు. సరిగ్గా చెప్పాలంటే ఎవరూ మాట్లాడుకోవడం కూడా లేదు.

"టీ అయింది," అంది అత్తగారు గోడవైపు తిరిగి. "ఆఫీసుకి వెళ్ళేవాళ్ళుంటే తాగి వెళ్ళమను."

ఆ మాట పెద్దకొడుక్కి చెప్పింది. అతను బేకరీలో మొదటి వాయి రొట్టెలు దించి, చేతులకి పిండితోనే ఇంటికొచ్చాడు. భార్యకి జానెడు దూరంలో నిలబడి ఆ కబురు చేరవేశాడు. "టీ తాగి వెళ్ళమంటోంది అమ్మ."

"విన్నాను," అంది కోడలు కాగితాల మీంచి తలెత్తకుండా. "చక్కెర తక్కువైందని చెప్పండి."

"చక్కెర తక్కువైందటమ్మా."

"తగ్గించమని డాక్టరు ఎవరికి చెప్పాడో వాళ్ళకే గుర్తులేకపోతే నేనేం చెయ్యను?"

పెద్దకొడుకు ఈ మాట చేరవెయ్యకుండా టీ మాత్రం చేరవేశాడు. పెళ్ళయిన పదకొండేళ్ళలో అతను నేర్చుకున్న తెలివి అంతా అదే.

కోడలి ముందున్న కాగితం పేరు తనిఖీ రిపోర్టు. ఆనకట్ట మొదలు నుంచి పంపుహౌసు దాకా జలాశయం ఒడ్డున ఆరు కిలోమీటర్ల గట్టు ఆమె పర్యవేక్షణలో ఉంది. నీళ్ళకీ హద్దురాళ్ళకీ మధ్యనున్న ఆ నేల ఎవరిదీ కాదు, అంటే అందరిదీ. పడవ ఎక్కడ కట్టాలి, పశువులు ఎక్కడ నీళ్ళకి దిగాలి, ఎండుకొమ్మ ఎవరు ఏరుకోవచ్చు, అన్నీ ఆమే చెప్పాలి. వీధిలో అందరూ ఆమెను గట్టు మేడమ్ అంటారు. అత్తగారు కూడా మంచి మూడ్‌లో ఉన్నప్పుడు అలాగే పిలిచేది. ఆ పిలుపు వినబడి నాలుగు రోజులైంది.

సోమవారం పొద్దున గట్టు మీద నడుస్తూ ఆమె మూడు చెట్ల దగ్గర ఆగిపోయింది. చెట్లు లేవు, మొద్దులున్నాయి. రంపంపొట్టు ఒకచోటికి ఊడ్చి కుప్పగా పెట్టి ఉంది. కొమ్మలు పొడుగువి ఒక మోపుగా, పొట్టివి ఒక మోపుగా కట్టి ఉన్నాయి. అంత పొందిగ్గా దొంగతనం చేసే మనిషి ఆ వీధి మొత్తంలో ఒక్కరే ఉన్నారు. మొద్దుల మీంచి తలెత్తి చూస్తే సూటిగా తమ ఇంటి మేడమీది కిటికీ, కిటికీలో మామగారు. ఆయన కోడల్ని చూసి హుషారుగా చెయ్యూపారు.

ముప్పై నాలుగేళ్ళు రోజుకి మూడుసార్లు నీటిమట్టం చూసి రాసిన మనిషాయన. గేజీ రీడరు. నీళ్ళలో నిలబెట్టిన ఆ తెల్ల కొలబద్దని చూడకుండా ఆయనకి పొద్దు గడిచేది కాదు, రిటైరయ్యాక కూడా రోజూ నడిచి వెళ్ళి చూసొచ్చేవారు. మోకాలి ఆపరేషన్ తర్వాత డాక్టరు నడవమంటే మాత్రం రెండు నెలల్లో ఒక్కసారి కూడా మేడ దిగలేదు. "నడిచి ఎక్కడికి వెళ్ళాలి?" అని గోడవైపు తిరిగి పడుకునేవారు. కిటికీలోంచి చూద్దామంటే చెట్లు అడ్డం. తిండి తగ్గింది, మాట తగ్గింది. అది చూసి తట్టుకోలేక, ఆదివారం మధ్యాహ్నం అత్తగారు రంపం తీసుకుని వెళ్ళింది.

గట్టు మీద చెట్టు కొడితే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. కొట్టిన మనిషి స్వయంగా వచ్చి కోడలి ఆఫీసులో పెద్దసారు ముందు ఒప్పుకుని, చెట్టుకి పది మొక్కల చొప్పున నాటి రెండేళ్ళు బతికించాలి. ఎవరూ ఒప్పుకోకపోతే ఎదురింటివాళ్ళ రేవు అనుమతి రద్దు. ఎదురిల్లు ఇదే. రేవులో కట్టిన పడవ చిన్నకొడుకుది. అవతలి ఒడ్డుకి మనుషుల్ని దాటించి బతుకుతున్నాడు. ఆ అనుమతి ఇవాళ్టితో అయిపోతుంది, కొత్తది ఇచ్చేది పెద్దసారే.

"వదినా," అన్నాడు ఆ పడవ మరిది, నాలుగు మడతలు పెట్టిన కాగితం బల్లమీద పెడుతూ. "ఒప్పుకోలు రాశాను. చెట్లు నేనే నరికాను."

"ఆదివారం మధ్యాహ్నం నువ్వు అవతలి ఒడ్డున పెళ్ళివారిని దించుతున్నావు. డెబ్భైమంది సాక్షులున్నారు."

"అందులో సగం మందికి నా మొహం గుర్తుండదు."

ఆమె భర్త గొంతు సవరించుకుని చొక్కా జేబులోంచి ఇంకో కాగితం తీశాడు. దానికి పిండి అంటుకుని ఉంది.

"మీరు కూడానా?"

"పిండి పిసికే చేతులు కదా, నమ్ముతారని," అని నీళ్ళు నమిలాడు.

"రంపానికి పళ్ళు ఏ వైపుంటాయో తెలుసా మీకు?"

"రంపం అంటే గుర్తొచ్చింది," అన్నాడు మరిది తల్లివైపు తిరిగి. "రంపానికి నూనె ఎందుకు రాశావమ్మా? పడవల గదిలో అద్దంలా మెరుస్తోంది."

"కూరలోకే చాలట్లేదు, రంపానికి నూనె నేనెందుకు రాస్తాను?" అంది అత్తగారు. తర్వాత పొయ్యిమీది గిన్నెతో చెప్పింది. "తప్పు చేసినవాళ్ళు కదా ఒప్పుకోవాలి. నాటినవాళ్ళు కొట్టుకుంటే అది తప్పెలా అవుతుంది? ఈ ఇంట్లో కొందరికి చదువెక్కువైంది." మూత ధడాలున పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయింది.

మేడమీంచి మళ్ళీ పిలుపు. "అమ్మాయ్, ఒక్కసారి పైకి రామ్మా."

కోడలు వెళ్ళేసరికి ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, ఒళ్ళో నోటుపుస్తకంతో వెలిగిపోతున్నారు. పక్కన పళ్ళెంలో రెండు బన్నుల పొడి మాత్రం మిగిలింది. సోమవారం ఆయన అడుగులే చెప్పేవారు, కొలబద్ద కింది గీతలు కనబడటం లేదని విసుక్కున్నారు. బుధవారం నుంచి పాయింట్లతో సహా చెబుతున్నారు. కడుపు నిండాక చూపు కూడా బాగుపడిందని ఇంట్లో అనుకున్నారు.

"నీ మేలు మరిచిపోనమ్మా," అన్నారు ఆయన. "రిటైరైనవాణ్ణి ఆఫీసు గుర్తుపెట్టుకుంది. మనుషుల్ని పంపి చెట్లు తీయించింది. నువ్వు చెప్పబట్టే కదా."

నాలుగు రోజులుగా ఆయన అలాగే అనుకుంటున్నారు. నిజం చెప్పడానికి ఇంట్లో ఎవరికీ నోరు రాలేదు.

"మామయ్యగారూ, అదీ..."

"అందుకే మీ పెద్దసారుకి ఉత్తరం రాశాను. బుధవారమే పోస్టు చేయించాను. కృతజ్ఞత చెప్పడం మర్యాద కదమ్మా."

కోడలు గబగబా మెట్లు దిగి, బల్లమీది కాగితాలన్నీ సంచిలో వేసుకుని ఆఫీసుకి బయల్దేరింది.

*

పెద్దసారు ఏదైనా ముఖ్యమైన మాట చెప్పే ముందు కళ్ళజోడు తుడుచుకుంటారు. ఇవాళ రెండుసార్లు తుడిచారు.

"ముప్పై ఏళ్ళ సర్వీసులో నాకు తిట్ల ఉత్తరాలే వచ్చాయి," అన్నారు. "థాంక్స్ చెబుతూ వచ్చినది ఇదొక్కటే. దీన్ని పట్టుకుని నిన్ను సస్పెండ్ చెయ్యాలి."

ఉత్తరం ఆమెవైపు తిప్పారు. ముత్యాల్లాంటి అక్షరాలు. 'పెద్దలకు విశ్రాంత గేజీ రీడరు నమస్కరించి వ్రాయునది. నా కిటికీకి అడ్డముగా నున్న మూడు వృక్షములను తమ సిబ్బంది తొలగించినందులకు కృతజ్ఞుడను. వారు తొందరలో విడిచిన చిన్న పనిని నేనే పూర్తి చేసితిని. తమకు శ్రమ అక్కరలేదు.'

"మన సిబ్బంది తొలగించారా?"

"లేదు సార్. మా అత్తగారు కొట్టారు. సోమవారమే చూశాను, రాసేశాను. సంతకం మాత్రం ఇవాళ పెట్టాను." రిపోర్టు బల్లమీద పెట్టింది. "నేను అదే ఇంట్లో ఉంటాను కాబట్టి విచారణ మీరే చెయ్యండి."

"ఆవిడ ఒప్పుకున్నారా?"

"లేదు."

"ఇంకెవరైనా ఒప్పుకున్నారా?"

ఆమె రెండు కాగితాలు తీసి పక్కపక్కన పెట్టింది. "మా ఆయన, మా మరిది. ఇద్దరూ అబద్ధమే."

పెద్దసారు పిండి అంటిన కాగితాన్ని దులిపి చదివారు. నవ్వు ఆపుకోవడానికి కళ్ళజోడు మూడోసారి తుడవాల్సొచ్చింది.

"ఈ 'చిన్న పని' ఏమిటి?"

"ఉత్తరం రాయడమేమో సార్. ఆయనకి మర్యాదలెక్కువ."

"పద," అన్నారు పెద్దసారు కుర్చీలోంచి లేస్తూ. "మీ ఇంటికే వెళ్దాం."

*

మేడమీద మామగారు పెద్దసారుకి నోటుపుస్తకం చూపిస్తున్నారు. మధ్యమధ్య ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు. కింద వంటింట్లో అత్తాకోడళ్ళు మిగిలారు. మధ్యలో కబుర్లు చేరవెయ్యడానికి ఎవరూ లేరు.

పొయ్యి మీద టీ మరుగుతోంది.

"నా పేరు రాశావా?" అంది అత్తగారు.

నాలుగు రోజుల తర్వాత సూటిగా అన్న మొదటి మాట అది. కోడలికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"రాశాను."

"అత్తనని కూడా చూడకుండా."

"అత్తగారని కూడా రాశాను. ఫారంలో బంధుత్వానికి ఒక గడి ఉంది."

అత్తగారి పెదవి చివర కదిలింది. గట్టిగా బిగించుకుంది.

"ఎనిమిదేళ్ళ కిందట ఆ గట్టు బోడిగుండులా ఉండేది. మొక్కలు నాటడానికి మనిషి దొరక్కపోతే నన్ను పిలిచావు. ఆ మూడూ నా చేతుల్తో నాటాను. రెండు ఎండాకాలాలు బిందెలతో నీళ్ళు మోశాను. నేను పెంచిన చెట్టు నేను కొట్టుకోకూడదా?"

"నాటింది మీరే, కాదనను. ఆ వేళ్ళు పట్టుకున్న మట్టి మాత్రం మనది కాదు. వానకి ఆ మట్టి జారితే వెళ్ళేది నీళ్ళలోకే. ఊరంతా తాగే నీళ్ళు."

"ఒక్క కిటికీకే కదా కొట్టాను."

"ఈ వీధిలో నలభై ఇళ్ళున్నాయి అత్తయ్యా. నలభై ఇళ్ళకీ కిటికీలున్నాయి."

పైనించి మామగారి నవ్వు మెట్లమీదుగా దిగి వచ్చింది.

"విన్నావా?" అంది అత్తగారు మెల్లగా. "ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో తెలుసా?"

"రెండు నెలలు. నాకు తెలియదనుకున్నారా? ఆ నవ్వు నాకూ కావాలి. అందుకే సంతకం పెట్టడానికి నాలుగు రోజులు పట్టింది." కోడలు పొయ్యి దగ్గరికొచ్చి నిలబడింది. "నన్నొక్క మాట అడగాల్సింది. మంచాన పడ్డవాళ్ళ కోసం కొమ్మలు తీయించుకోవచ్చు. అర్జీ పెడితే వారంలో అనుమతి వస్తుంది. చెట్టు కొట్టక్కర్లేదు."

"అడిగితే రూల్సు చెబుతావని అడగలేదు."

"చెప్పేదాన్నే. ఇది కూడా రూల్సులోదే."

అత్తగారు ఆమెవైపు తేరిపార చూసింది. తర్వాత ఆపుకోలేక నవ్వేసింది. ఆ నవ్వుకి కోడలూ నవ్వేసింది. టీ పొంగి పొయ్యి మీద పడింది, ఇద్దరూ పట్టించుకోలేదు.

పెద్దసారు మెట్లు దిగేసరికి అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకుని ఎదురెళ్ళింది. మేడమీదకి వినబడకుండా మెల్లగానే చెప్పినా, తడబడకుండా చెప్పింది.

"నేనే కొట్టాను బాబూ. మూడూ నేనే. మా మగవాళ్ళ కాగితాలు చించెయ్యండి. మా పెద్దాడికి రొట్టె కొయ్యడమే వంకర, చెట్టేం కోస్తాడు?"

పెద్దసారు టీకప్పు అందుకున్నారు. "ముప్పై మొక్కలమ్మా. నాటడం, నీళ్ళు పొయ్యడం అంతా మీరే. మొద్దులున్న చోటే నాటాలి. పెరిగాక మళ్ళీ ఆ కిటికీకే అడ్డొస్తాయి, తెలుసుగా?"

"ఎన్నేళ్ళకి?"

"ఎనిమిదేళ్ళు."

"ఆయనకి అప్పటికి ఎనభై నాలుగు," అంది అత్తగారు ఆలోచిస్తూ. "ఎనిమిదేళ్ళు చాలు బాబూ. తర్వాత సంగతి మేమిద్దరం చూసుకుంటాం. అర్జీ పెట్టుకుంటాం."

పెద్దసారు ఈసారి కళ్ళజోడు తుడుచుకోకుండానే తల తిప్పుకున్నారు. తర్వాత ఆఫీసు గొంతుతో అన్నారు. "మొద్దులు లెక్క చూసి సంతకం పెడతాను. మీరు ఒప్పుకున్నదీ అక్కడున్నదీ సరిపోవాలి. ఒక్కటి తేడా వచ్చినా రేవు కాగితం ఇవ్వలేను."

"మూడంటే మూడే," అంది అత్తగారు ధీమాగా.

*

గట్టు మీదికి అందరూ వెళ్ళారు. బేకరీ కొడుకూ పడవ కొడుకూ వెనకాల వస్తూ, ఎవరి కాగితం బాగుందో వాదించుకుంటున్నారు. సోమవారం కోడలు సుద్దతో వేసిన అంకెలు మొద్దుల మీద అలాగే ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు. పెద్దసారు వరసగా పెన్నుతో టిక్కులు పెట్టారు.

"మరి ఇది?"

ఆయన రెల్లుపొదల పక్కన నిలబడి ఉన్నారు. ఎదురుగా ఇంకో మొద్దు. సన్నటి చెట్టుది, మణికట్టంత లావు. దాని మీద అంకె లేదు. కోత నడుమెత్తున ఉంది, బాగా వంకరగా ఉంది.

అత్తగారు గబగబా దగ్గరికొచ్చి చూసింది. "ఇది నేను కొట్టలేదు. ఒట్టు."

"సోమవారం ఈ చెట్టు ఉంది సార్," అంది కోడలు. "మంగళవారం నుంచి నేను పంపుహౌసు వైపు హద్దురాళ్ళకి సున్నం వేయిస్తున్నాను. ఇటు రాలేదు."

అన్నదమ్ములిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఈసారి ఇద్దరూ నిజంగానే ఎరగరు.

కోడలు వంగి చూసింది. మొద్దు చుట్టూ మెత్తటి మట్టిలో చెప్పుల జాడలున్నాయి. కుడివైపు జాడ పక్కన, ప్రతి అడుగుకీ, రూపాయి బిళ్ళంత గుండ్రటి గుంట ఉంది. చేతికర్ర చివర రబ్బరు తొడుగు అచ్చు. నూనె రాసిన రంపం గుర్తొచ్చింది. బుధవారం నుంచి వినబడుతున్న పాయింట్లు గుర్తొచ్చాయి. మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా అత్తగారు బేకరీలో కూర్చుంటుంది, ఇంట్లో ఎవరూ ఉండరు.

"సార్," అంది. "ఆ ఉత్తరంలో చిన్న పని అన్నారే, అది ఇదే."

"ఆయన మేడ దిగలేరు కదే," అంది అత్తగారు. "రెండు నెలలుగా మంచినీళ్ళు కూడా నేనే పైకి..."

మాట పూర్తి కాలేదు. కిటికీలో కుర్చీ ఖాళీగా ఉంది. ఇంటి గేటు తెరుచుకుంది. మామగారు చేతికర్ర పట్టుకుని, ఒక్కో అడుగూ చూసి వేస్తూ, తనంతట తాను గట్టువైపు నడిచి వస్తున్నారు. కొడుకులు పరిగెత్తబోతే అత్తగారు చెయ్యి అడ్డం పెట్టింది. "ఉండండి. నడవనివ్వండి." ఆవిడ కళ్ళలోంచి ధారగా నీళ్ళు కారుతున్నాయి, మొహం మాత్రం నవ్వుతోంది.

"అదేనండీ, మీవాళ్ళు వదిలేసింది," అన్నారు మామగారు దగ్గరికొచ్చి ఆయాసపడుతూ. "కింది గీతలకి అదే అడ్డం. ఆఫీసు పని సగంలో ఆగకూడదని నేనే కానిచ్చాను. వంగలేక కాస్త వంకరొచ్చింది. సంతకం ఏమైనా పెట్టాలా?"

పెద్దసారు కోడలివైపు చూశారు. కోడలు అత్తగారివైపు చూసింది.

మామగారు చెయ్యి చాపి పెద్దసారు చేతిలోని ఫారం అందుకున్నారు. "చదవకుండా దేని మీదా సంతకం పెట్టను," అంటూ జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు. పై గడి చదివారు. కింది గడి చదివారు. మళ్ళీ పై గడి చదివారు. నవ్వు నెమ్మదిగా పోయింది. అది పోయిన చోట ఇంకేదో వచ్చింది, కోపం మాత్రం కాదు.

"ఆ మూడూ ఆఫీసు కాదా?" అన్నారు భార్యతో. "నువ్వా?"

నాలుగు రోజులు గోడతో, గిన్నెతో కూడా మాట్లాడిన ఆవిడకి ఇప్పుడు నోరు పెగల్లేదు. తలూపింది.

ఆయన మొద్దుల్ని చూశారు. మోపులుగా కట్టిన కొమ్మల్ని చూశారు. తర్వాత చాలాసేపు ఆవిడ చేతుల్ని చూశారు.

"పెన్ను ఇలా ఇయ్యమ్మాయ్," అన్నారు కోడలితో. "ఇందులో లెక్క తప్పుంది. నాలుగూ నేనే కొట్టాను. దిద్దాలి."

ముప్పై నాలుగేళ్ళలో ఒక్క అంకె కూడా తప్పు రాయని ఆ చెయ్యి, తన పేరు రాయాల్సిన ఖాళీ గడి దాటి, అత్తగారి పేరున్న గడి దగ్గర ఆగింది.